బర్రె నీళ్ళల్లో పడితే నవ్వెందుకు? పిల్లల లెక్కల గేముల్లో ఫీడ్‌బ్యాక్ సంగతి

మేం చేసిన మొదటి లెక్కల గేములో ఒక బర్రె ఉండేది. తెర మీద చెరువు, చెరువుకు సన్నటి కట్ట, కట్ట మీద బర్రె. కూడికకు సరైన జవాబు కొడితే అది ఒక అడుగు ముందుకేస్తుంది, పైన ఒక చుక్క మెరుస్తుంది, "శభాష్" అని వినిపిస్తుంది. తప్పు కొడితే కాలు జారి ధబేలుమని నీళ్ళల్లో పడుతుంది. బురద ఎగిరి తెరంతా చిమ్ముతుంది. కాసేపటికి బర్రె తల బయటపెట్టి, చెవులు విదిల్చి, ఆడుతున్న పిల్లల వైపు గుర్రుగా చూస్తుంది. ఆ ఒక్క చూపు కుదరడానికి మా బొమ్మలు గీసే అబ్బాయికి మూడు రోజులు పట్టింది.

నల్లగొండకు దగ్గర్లోనే ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లల ముందు పెట్టాం. పది నిమిషాలు గది నిండా నవ్వులే నవ్వులు. నేను సంబరపడిపోయాను. సాయంత్రం క్లాక్ టవర్ దగ్గరి మా గదికొచ్చి ట్యాబుల్లో నమోదైన జవాబులు తీసి చూస్తే, ఆరు ప్లస్ మూడుకు ఒకటి, నాలుగు ప్లస్ నాలుగుకు సున్నా, ఐదు ప్లస్ రెండుకు తొంభై తొమ్మిది. వేళ్ళు మడవకుండా ఈ లెక్కలు చెప్పగలిగిన పిల్లలు వీళ్ళు. మర్నాడు వెళ్ళి వెనక బెంచీ పిల్లాణ్ణి అడిగితే దాపరికం లేకుండా చెప్పేశాడు. "తప్పు గొడితెనే గద సార్ బర్రె పడేది. కరెక్ట్ గొడితె ఏముంది, ఉత్తగ నడుస్తది."

మేం ఆరు నెలలు కష్టపడి పిల్లలకు నేర్పింది తప్పు జవాబు ఎలా కొట్టాలో! అక్కడి నుంచే ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అర్థమైందేమిటంటే, ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు, దాదాపు వందేళ్ళ పాతది.

మిఠాయి ఇచ్చే యంత్రం

గేములో పిల్లవాడు ఏదైనా చేశాక తెర తిరిగి ఇచ్చే స్పందనను ఫీడ్‌బ్యాక్ అంటాం. మెరుపు, చప్పుడు, చుక్క, మాట, రంగు, ఆఖరికి ఏమీ జరగకుండా ఉండిపోవడం కూడా ఫీడ్‌బ్యాకే. చిక్కెక్కడంటే, ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది సంగతి చెప్పడం: నువ్వు చేసిన దానివల్ల ఏం జరిగింది, ఎంత దగ్గరికొచ్చావు. రెండోది ఇనాం: చుక్కలు, నాణేలు, చప్పట్లు. మూడోది తీర్పు: నువ్వు తెలివైనవాడివి, నువ్వు వెనకబడ్డావు, నీది పదిహేడో ర్యాంకు. బడిలో వాడే చాలా గేముల్లో రెండోది ముప్పాతిక వంతు, మూడోది పావు వంతు ఉంటుంది. మొదటిదానికి "రాంగ్" అన్న ఒక్క ఎర్ర గీతతో సరిపెడతారు.

దీనికి చరిత్ర ఉంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిడ్నీ ప్రెస్సీ అనే సైకాలజిస్టు 1920ల్లో ఒక పరీక్ష యంత్రం చేశాడు. ప్రశ్న కనిపిస్తుంది, నాలుగు మీటల్లో ఒకటి నొక్కాలి. దానికి ఒక అదనపు అమరిక కూడా పెట్టాడు. అనుకున్నన్ని సరైన జవాబులు రాగానే చిన్న మిఠాయి బిళ్ళ బయటికొస్తుంది. ఇవాళ్టి గేముల్లో రాలిపడే బంగారు నాణేలకు తాత ఆ మిఠాయే.

1953లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే ఇంకో అమెరికా సైకాలజిస్టు తన కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్ళాడు. కొందరు పిల్లలు ఎప్పుడో చేసేసి ఖాళీగా కూర్చున్నారు, కొందరు లెక్క రాక తంటాలు పడుతున్నారు, తాము చేసింది రైటో కాదో ఎవరికీ ఆ క్షణాన తెలియదు. కాగితాలు దిద్దించుకుని తిరిగొచ్చేదాకా ఆగాల్సిందే. ఆయనకు అది కళ్ళకు కట్టినట్టు తప్పనిపించింది. వెంటనే తన బోధన యంత్రం పని మొదలుపెట్టాడు. వెంటనే తెలియాలి అన్న ఆయన మాట నిజమే. కానీ తెలియడం, బహుమతి రావడం రెండూ ఒకటే అన్నట్టుగా ఆ తర్వాత తరాల సాఫ్ట్‌వేర్ తయారైంది. అక్కడే దారి తప్పింది.

స్కెచ్ పెన్నుల కథ

ఇనాం సంగతి తేల్చిన ప్రయోగం 1973 నాటిది. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని నర్సరీ స్కూల్లో మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్ని తీసుకున్నారు. అందరూ స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టపడేవాళ్ళే. మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందే చెప్పారు, గీస్తే బంగారు చుక్క, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని. రెండో గుంపుకు ముందు ఏమీ చెప్పకుండా, గీశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక పెన్నులు మళ్ళీ క్లాసులో పెట్టి, ఎవరూ అడగకుండానే ఎవరెంతసేపు గీస్తారో చూశారు. సర్టిఫికెట్ ఆశతో గీసిన పిల్లలు మిగతావాళ్ళు గీసినదాంట్లో దాదాపు సగం సమయమే గీశారు. ఇష్టంగా చేసే పని కాస్తా కూలి పనైపోయింది.

ఈ ప్రయోగాన్ని చాలామంది సగమే చెప్పి "పిల్లలకు బహుమతులు ఇవ్వొద్దు" అని తేల్చేస్తుంటారు. అంత తేలిక కాదు. చెప్పకుండా ఇచ్చిన గుంపుకు నష్టమేమీ జరగలేదు. పైగా వాళ్ళందరికీ బొమ్మలంటే ముందునుంచే ఇష్టం. 1999లో డెసి, కోస్ట్‌నర్, రయన్ ఇలాంటి 128 ప్రయోగాల్ని కలిపి చూశారు. ముందే చెప్పి, చేతికిచ్చే బహుమతులు ఆసక్తిని తగ్గిస్తాయని తేలింది. నోటి మెప్పు కాలేజీ విద్యార్థుల్లో ఆసక్తి పెంచింది గానీ, పిల్లల్లో అలాంటి మేలు కనబడలేదు. మెప్పులో దాగిన "మేం చెప్పినట్టు చేశావు" అన్న మాటను పిల్లలు పెద్దవాళ్ళకంటే తొందరగా పట్టేస్తారని నా అనుమానం.

మరి భిన్నాలు అనగానే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లాడి సంగతి? వాడి దగ్గర పోగొట్టడానికి ఇష్టమే లేదు. వాణ్ణి గడప దాకా తీసుకురావడానికి ఒక చుక్క ఇస్తే కొంపలేం మునగవు. మేం ఇప్పుడు చేస్తున్నదదే. మొదటి రెండు మెట్లలో కాస్త మెరుపు ఉంటుంది, మూడో మెట్టు నుంచి చెప్పాపెట్టకుండా తగ్గుతూ పోతుంది. ఇంతవరకు ఒక్క పిల్లవాడూ "చుక్కలేవి సార్" అని అడగలేదు. లెక్క నడుస్తుంటే చుక్క గుర్తుండదు. చుక్క గుర్తుందంటే లెక్కలో ఏదో తేడా ఉందన్నమాట.

తెరిస్తే ఏం వస్తుందో తెలియని బహుమతి పెట్టెలు, అదృష్ట చక్రాలు మాత్రం మేం ముట్టుకోం. ఏ జవాబుకు బహుమతి వస్తుందో తెలియకపోతే చెయ్యి ఆగదని స్కిన్నర్ పావురాల మీద ఎప్పుడో చూపించాడు. జూదం నడిచేదీ ఆ సూత్రం మీదే. పిల్లల్ని తెరకు కట్టేయడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. పిల్లలు ఎన్ని నిమిషాలు ఆడారన్న లెక్కతో డబ్బు తెచ్చుకునే వాళ్ళకు అది కావాలి, మనకెందుకు?

తెలివైనవాడివి, అమ్మాయివైనా

తీర్పు సంగతికొద్దాం. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలకు తేలికైన బొమ్మల పజిళ్ళు ఇచ్చారు. అయ్యాక కొందరితో "నువ్వు చాలా తెలివైనవాడివి" అన్నారు, కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత కావాలనే కఠినమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. మళ్ళీ తేలికైనవి ఇస్తే, తెలివైనవాడివి అనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్ళు ఎక్కువ చేశారు. తమ మార్కుల్ని పెంచి చెప్పుకున్నవాళ్ళు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ. తెలివి ముద్ర పడ్డాక దాన్ని కాపాడుకోవడం పెద్ద టెన్షన్. ఈ ఆలోచన ఆధారంగా తర్వాత పెద్ద ఎత్తున చేసిన కార్యక్రమాల్లో ఫలితం చిన్నగానే కనిపించింది కాబట్టి, మాట మారిస్తే బతుకు మారుతుందని నేననను. గేములో మాట మార్చడానికి ఖర్చు లేదు కదా, అంతే.

తెలుగులో ఇది ఇంకో రకంగా మాకు ఎదురైంది. మొదట హైదరాబాద్‌లో ఒకామెతో గొంతు రికార్డు చేయించాం. "అద్భుతం! నీవు చాలా తెలివైనవాడివి!" దాన్ని విన్న అమ్మాయి పక్కనున్న దోస్తును మోచేత్తో పొడిచి "వార్తల మేడం నిన్ను అంటుంది రా" అని నవ్వింది. అప్పటిదాకా మాకు తట్టనేలేదు. తెలుగులో మనిషిని ఇలా పొగడాలంటే ఆడో మగో తేల్చుకోవాలి, తెలివైనవాడివి లేదా తెలివైనదానివి. చేసిన పనిని చెప్పాలంటే ఆ గొడవే లేదు. "ముందు పదులు కలిపావు", "ఈసారి ఆగి చూసుకున్నావు", "రెండోసారి వేరే దారిలో వెళ్ళావు". ఎవరికైనా సరిపోతుంది. మన వ్యాకరణమే మనిషిని వదిలేసి పనిని చెప్పమంటోంది.

'తప్పు' అన్న మాటతో ఇంకా పెద్ద చిక్కు. లెక్క తప్పినా తప్పే, అబద్ధమాడినా తప్పే, గుళ్ళో చెప్పులేసుకున్నా తప్పే. "తప్పు గదా బిడ్డా" అని అమ్మమ్మ అన్నప్పుడు పిల్లకు గుర్తొచ్చేది లెక్క కాదు. తెర మీద ఎర్ర అక్షరాల్లో 'తప్పు' అని పడితే కొందరు పిల్లలు టక్కున చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు. ఆటస్థలంలో ఆ పిల్లలే గోటీ గురి తప్పితే ఏమంటారో విన్నాం. "పోయింది", "తగల్లే", "జర్రంతల తప్పింది". అందులో నేరం లేదు, దూరం ఉంది. ఇప్పుడు మా గేములో 'తప్పు' అన్న మాట ఎక్కడా లేదు. "కుదరలేదు", "దగ్గరికొచ్చింది", "ఇంకా రాలేదు" ఉన్నాయి. "నాకు లెక్కలు రావు" అనే పిల్లలే "ఇంకా రాలే" అంటే మళ్ళీ చేస్తారు. రావు అంటే ఎన్నటికీ. రాలేదు అంటే ఇప్పటిదాకా.

జేబులో పది రూపాయలు ఎక్కడివి?

ఇప్పుడు అసలు విషయం. మేం సరైన జవాబు కోసం ఎన్ని రంగులు పెట్టినా ఫలితం అంతంతే. కుదరని జవాబు తెర మీద పని చేయడం మొదలుపెట్టాకే తేడా వచ్చింది.

52 లోంచి 27 తీసేయమంటే మూడు, నాలుగు తరగతుల్లో బోలెడుమంది పిల్లలు 35 అంటారు. ఎందుకో కాగితం మీద రాసి చూడండి. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు, కాబట్టి 7 లోంచి 2 తీసేస్తారు, 5 వచ్చింది. పదుల్లో 5 లోంచి 2 పోతే 3. మొత్తం 35. పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం అని టీచర్లు చెప్పే మెట్టు దాటేశారు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఇలాంటి తీసివేతల్ని వరసగా విడగొట్టి చూపించారు. పిల్లల తప్పులు గుడ్డిగా పడే రాళ్ళు కావు, చాలావరకు ఒక సొంత నియమాన్ని నిక్కచ్చిగా పాటించడం వల్ల వచ్చేవి. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి అన్నది అందులో బాగా తరచుగా కనిపించే నియమాల్లో ఒకటి. అలాంటప్పుడు 35 అన్న జవాబు పిల్ల తలలో ఏముందో చెప్పే చీటీ లాంటిది. దాని మీద ఎర్ర గీత కొట్టామంటే ఆ చీటీ చదవకుండా చించేసినట్టే.

మేం ఏం చేశామంటే, తీసివేతను కిరాణం దుకాణంగా మార్చాం. జేబులో 52 రూపాయలు కనిపిస్తాయి, ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు. 27 రూపాయల సామాను కొనాలి. మిగిలేది ఎంతో పిల్లలు కొట్టాలి. 35 కొడితే గేము ఏమీ అనదు. దుకాణం బల్ల మీద 27, పిల్ల అరచేతిలో 35 పెడుతుంది. తర్వాత ఆ రెండూ మెల్లగా జరిగి ఒక్క చోటికి చేరతాయి. నోట్లు నోట్లతో, బిళ్ళలు బిళ్ళలతో. పన్నెండు బిళ్ళల్లో పది కలిసి ఒక నోటవుతాయి. మొత్తం 62. పక్కనే మొదట జేబులో ఉన్న 52 అలాగే ఉంటుంది. రెండు కుప్పలూ పక్కపక్కన, చప్పుడు లేదు, మాట లేదు.

దేవరకొండ వైపు ఒక తండా బడిలో మూడో తరగతి అమ్మాయి ఇక్కడికొచ్చి ఆగిపోయింది. చూపుడు వేలు తెర మీద పెట్టి ఒక్కో నోటు లెక్కబెట్టింది. అటు ఐదు, ఇటు ఆరు. మళ్ళీ లెక్కబెట్టింది. నా వైపు తిరిగి, "పది ఎక్కొచ్చినయ్ సార్. దుకాణపాయన మర్శిపోయిండా?" అంది. నేను నోరు మూసుకుని కూర్చోవడానికి చాలా కష్టపడ్డాను. ఆ అమ్మాయి కాసేపు దుకాణదారు బొమ్మనే అనుమానంగా చూసింది. తర్వాత తన అరచేతిలోని 35లోంచి ఒక నోటు వేలితో పక్కకు జరిపింది. 25. కుప్పలు మళ్ళీ కలిశాయి, 52 పక్కన 52. చప్పట్లేవీ మోగలేదు. ఆ అమ్మాయే గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి వాలింది.

కుదరని తెరను ఒక పిల్ల అంతసేపు చూడ్డం నాకదే మొదటిసారి. అక్కడ ఫీడ్‌బ్యాక్ ఇచ్చింది గేము కాదు, లెక్కే. పది ఎక్కువ వచ్చిందని ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది.

ఇది మా కనిపెట్టుడేమీ కాదు. 1970ల్లో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద షారన్ డగ్‌డేల్, డేవిడ్ కిబ్బీ 'డార్ట్స్' అనే భిన్నాల ఆట చేశారు. సంఖ్యారేఖ మీద బెలూన్లు ఉంటాయి. ఎక్కడున్నాయో అంచనా వేసి భిన్నం కొట్టాలి. బాణం ఆ చోటికే దూసుకొస్తుంది. తగిలితే బెలూను పగులుతుంది. తగలకపోతే బాణం అక్కడే రేఖ మీద నిలబడిపోతుంది, దాని పక్కన పిల్లవాడు కొట్టిన సంఖ్య ఉంటుంది. రెండో బాణానికి అదే ఆనవాలు. కొద్దిగా పైకి పోయింది, కాబట్టి ఇంకొంచెం కిందికి. థామస్ మలోన్ 1980 ప్రాంతంలో ఈ ఆటలోని అంశాల్ని ఒక్కొక్కటే తీసేసి, పిల్లలు ఎప్పుడు ఎంతసేపు ఆడతారో పరిశీలించాడు. బెలూన్లు పగలడం మగపిల్లలకు నచ్చినంతగా ఆడపిల్లలకు నచ్చలేదని కూడా అందులో బయటపడింది. అందరికీ ఒకటే మెరుపు చాలని అనుకునేవాళ్ళు ఆ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

డార్ట్స్ గురించి చదువుతుంటే నాకు చిర్రగోనె (బిళ్ళంగోడు) గుర్తొచ్చింది. మేం ఆడినప్పుడు బిళ్ళను కొట్టాక అది ఎంత దూరం పడిందో కొట్టినవాడే కర్రల్లో అంచనా చెప్పాలి. అవతలి జట్టు నమ్మకపోతే కర్రతో కొలుస్తారు. అడిగినదానికి తక్కువొస్తే ఆట పోయినట్టే. అత్యాశకు పోయి నలభై అడిగి ఎన్నిసార్లు బొక్కబోర్లా పడ్డామో. ఎవరూ మమ్మల్ని తెలివైనవాళ్ళనలేదు, మొద్దులనలేదు. కర్ర కొలిచింది. నెల తిరిగేసరికి కంటితో దూరం చెప్పడం వచ్చేసింది.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది, దాచను. చప్పట్ల శబ్దం ఒక్కసారి పెడితే వెయ్యి లెక్కలకు సరిపోతుంది. కుదరని జవాబును చూపించాలంటే ఒక్కో రకం పొరపాటుకు ఒక్కో తెర ఆలోచించాలి. సున్నాతో తీసివేతలు, ఉదాహరణకు 304 లోంచి 128, మమ్మల్ని ఏడిపించాయి. ఇప్పటికీ ఆ తెర బాగా కుదిరిందని చెప్పలేను. డబ్బులిచ్చేవాళ్ళకు డెమోలో చూపించినప్పుడు కూడా వాళ్ళడిగేది చప్పట్లేవని. కుదరని జవాబు కొట్టి చూడండి అంటే మొహమాటపడతారు.

చప్పుడు, ర్యాంకు, వరస

తీర్పుకు చెవులు కూడా ఉంటాయి. మొదట్లో తప్పు జవాబుకు 'బుర్ర్' మని ఒక శబ్దం పెట్టాం. ఒక గదిలో ఎనిమిది ట్యాబులు, ఒక్కోదాని చుట్టూ ముగ్గురు. బుర్ర్ అనగానే మిగతా ఏడు గుంపులూ అటు తిరిగేవి. ఒక్క పిల్లకు చెప్పాల్సిన సంగతి క్లాసంతా దండోరా వేసినట్టయింది. రెండో రోజు నుంచి ఒక పిల్లాడు స్పీకరు మీద బొటనవేలు అదిమిపెట్టి ఆడటం చూశాక ఆ శబ్దం తీసేశాం. ఒక గదిలో ఒక మంచం మీద నలుగురు కూర్చుని ఆడే ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా ఆడే పిల్లవాణ్ణి ఊహించుకుని చేసిన గేము ఇక్కడ వేరేలా పనిచేస్తుంది.

సూచన మీట గురించి ఒక్క మాట. నొక్కినకొద్దీ ఇంకా తేలికైన సూచన వచ్చి, చివరికి జవాబే చెప్పేస్తుంటే పిల్లలు లెక్క మానేసి మీట మీదే పడతారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ర్యాన్ బేకర్ 2004లో దీన్ని పరిశీలించి, అలా వ్యవస్థతోనే ఆడుకునే పిల్లలు తక్కువ నేర్చుకుంటున్నారని చూపించాడు. మా దగ్గర ఇప్పుడు సూచన ఒక్కటే ఉంటుంది, ఒక ప్రయత్నం చేశాకే తెరుచుకుంటుంది.

ర్యాంకుల పట్టిక పెట్టమని మమ్మల్ని అడగని వాళ్ళు లేరు. తల్లిదండ్రులైతే మరీ. ర్యాంకు లేకుండా చదువేంటి అని మొహం మీదే అంటారు. ఒక బడిలో నెల రోజులు పెట్టి చూశాం. పైన ఉండే ముగ్గురూ ప్రతిసారీ వాళ్ళే, వాళ్ళలో వాళ్ళకు కొట్లాట. కింద ఉండేవాళ్ళు మూడో రోజు నుంచి ఆ పేజీ తెరవడమే మానేశారు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో చూపించింది కూడా ఇలాంటిదే. చేసిన పని మీద వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తి నిలిచింది. మార్కు పక్కన అలాంటి వ్యాఖ్యే రాసిచ్చినా ఆ మేలు దక్కలేదు. మార్కు కనబడగానే వ్యాఖ్య ఎవరు చదువుతారు? మన ఇళ్ళలో ప్రోగ్రెస్ కార్డు తీసుకుని మొదట ఏం చూస్తామో ఆలోచిస్తే దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

వరస అనేదొకటి ఉంది, ఎన్ని రోజులు విడవకుండా ఆడితే అంత పెద్ద సంఖ్య. ఒక్క రోజు తప్పితే సున్నా. పెద్దల భాషా యాప్‌ల నుంచి పిల్లల యాప్‌లలోకి వచ్చింది. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో దీన్ని పెట్టడమంటే నాకు కోపమే వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు కొందరు బడికి రారు. కొందరి అమ్మానాన్నలు వలస పోతే వాళ్ళూ వెంట పోతారు, నెలలు గడిచాక వస్తారు. ఇంట్లో ఫోను నాన్నది, అది ఆయనతోనే మేస్త్రీ పనికి పోయి రాత్రి ఎనిమిదికి చార్జింగ్ అయిపోయి వస్తుంది. అలాంటి పిల్ల తిరిగొచ్చి ట్యాబు తెరిస్తే "నీ 23 రోజుల వరస తెగింది" అని ఏడుపు మొహం బొమ్మ. పిల్ల చేతిలో లేనిదానికి పిల్లకు శిక్ష. మేం అది తీసేసి, ఎప్పుడొచ్చినా కిందటిసారి చివరగా చేసిన లెక్కనే మళ్ళీ చూపిస్తున్నాం, "ఇక్కడిదాకా వచ్చావు" అని. రెండు నెలల తర్వాత వచ్చిన పిల్లాడొకడు ఆ తెర చూసి "ఇది నేను జేసిందే" అని పక్కవాడికి చూపించుకున్నాడు.

ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం ఎప్పుడూ మంచిదేనని అనుకుంటాం గనక ఒక అంకె చెప్పాలి. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి పాత పరిశోధనల్లోని 607 ఫలితాల్ని కూడబెట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ముందుకంటే దిగజారింది. ధ్యాస పని మీద నుంచి 'నేనెలాంటివాణ్ణి' అన్నదాని మీదికి మళ్ళితే ఫలితం తగ్గుతుందని వాళ్ళ వివరణ. చుక్కల మీదికి మళ్ళినా అంతేనని నేను కలుపుతాను. ఇందుకే ఏ కొత్త తెర గీసినా మేమిప్పుడు ఒకటే అడుగుతున్నాం, ఇది కనిపించిన మరుక్షణం పిల్ల కన్ను ఎక్కడికి పోతుంది? అంకెల మీదికా, పక్కవాడి మొహం మీదికా, చుక్కల డబ్బా మీదికా?

టీచర్లకు కావలసింది వేరే. 2022లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో చదువు, లెక్కల పునాది గట్టిచేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ప్రాథమిక పాఠశాలల్లో ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో రాసుకునే పని వాళ్ళకుంది. ఒక టీచరమ్మ మమ్మల్ని సూటిగా అడిగింది. "మీ నక్షత్రాలు నాకెందుకయ్యా? ఎవరు అప్పు తెచ్చుకునే కాడ ఆగిన్రో చెప్పు, రేపు వాళ్ళనే కూసోబెట్టుకుంట." ఇప్పుడు ఆమెకు వెళ్ళే పేజీలో మార్కులు లేవు. 52 లోంచి 27కు 35 అన్నవాళ్ళ పేర్లు ఒక చోట, 304 దగ్గర ఆగినవాళ్ళ పేర్లు ఒక చోట ఉంటాయి. పిల్లలకు మాత్రం ఆ పేజీ కనబడదు.

ఇక బర్రె. దాన్ని తీసేయడానికి మనసొప్పలేదు, మూడు రోజుల చూపు మరి. ఇప్పుడు చెరువు కట్టే సంఖ్యారేఖ. పిల్ల ఎంత కొడితే బర్రె అంత దూరం నడిచి అక్కడ ఆగుతుంది. దూడ ఇంకో చోట ఉంటుంది. దాటిపోతే బర్రె వెనక్కి తిరిగి దూడ వైపు చూస్తుంది, తక్కువైతే మెడ చాస్తుంది. నిలబడిన చోట కొట్టిన అంకె అలాగే ఉంటుంది. రెండోసారికి చాలామంది దగ్గరికొస్తారు.

కానీ పాత పిల్లలు ఊరుకోలేదు. "పడే బర్రె ఏది సార్" అని వెంటబడ్డారు. చివరికి మొదటి పేజీలో ఒక మూల చిన్న బర్రె బొమ్మ పెట్టాం. నొక్కితే ధబేలుమని నీళ్ళల్లో పడుతుంది, బురద, చెవులు, గుర్రుచూపు అన్నీ యథాతథం. లెక్క చేయనక్కర్లేదు, ఎవరైనా ఎన్నిసార్లైనా పడగొట్టుకోవచ్చు. మొదటి రోజు నలభై నిమిషాలు అదే పని. రెండో రోజు ఓ పది నిమిషాలు. నాలుగో రోజు వెనక బెంచీ పిల్లాడు దాన్ని ఒక్కసారి పడగొట్టి, "సరె పా" అని దుకాణం తెరిచాడు.